సెర్రాస్త్రెత్తాకు వచ్చిన ఆడబిడ్డ



నవంబరు 2వ తేదీ మృతుల పండుగ. ఆ రోజు హాలియా బస్టాండులో దిగేవాళ్లను చూడండి. హైదరాబాదు నుంచి కొందరు, బొంబాయి నుంచి కొందరు. తాతముత్తాతల సమాధులకు సున్నం వేసి, పూలూ కొవ్వొత్తులూ పెట్టిపోదామని వస్తారు. "ఎప్పుడొచ్చినవు బిడ్డా? ఏం తెచ్చినవు?" అని అడుగుతాం. "ఎట్లున్నవు?" అని కూడా అడుగుతాం గానీ, జవాబు వినేదాకా ఆగం.

ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో, కొండమీద సెర్రాస్త్రెత్తా అనే చిన్న ఊరుంది. మన మెట్ట ప్రాంతంలాగే అది కూడా బతుకుతెరువు కోసం బిడ్డలను దూరదేశాలకు పంపిన ఊరు. అక్కడినుంచి ఈజిప్టుకు వలసపోయిన ఒక కుటుంబంలో, 1933 జనవరి 17న కైరో నగరంలో యోలాంద జిగ్లియోత్తి పుట్టింది. తండ్రి పియెత్రో కైరో ఒపేరాలో వయొలిన్ వాయించేవాడు. తల్లి జుసెప్పీన బట్టలు కుట్టేది. పసితనంలోనే కళ్లకు జబ్బు చేసి, తర్వాత చూపు మెల్లగా ఉండేది. తోటిపిల్లలు ఎగతాళి చేసేవారు. రెండవ ప్రపంచయుద్ధంలో ఇటలీవాడన్న ఒకే కారణంతో తండ్రిని శిబిరంలో నిర్బంధించారు. ఆయన మనిషి మారిపోయి తిరిగివచ్చి, 1945లో కన్నుమూశాడు. ఆ పిల్లే 1954 క్రిస్మసు వేళ ఒంటరిగా పారిసు చేరి, దలీదా అన్న పేరుతో లోకమంతా ఎరిగిన గాయని అయింది.

1962లో దలీదా తన పెద్దల ఊరు సెర్రాస్త్రెత్తాకు వచ్చింది. ఊరు ఊరంతా కదిలివచ్చి తమ ఆడబిడ్డను ఎదుర్కొంది. ఈనాటికీ ఆమె జ్ఞాపకాలను అక్కడ భద్రంగా దాచుకున్నారు. అది మంచి ప్రేమే, తప్పుపట్టను. కానీ ఆ ఊరు చూసింది వెలుగునే. అందరికీ కనబడేది అదే కదా.

లూకా సువార్త నాల్గవ అధ్యాయం చదవండి. యేసు నజరేతుకు వస్తాడు. మొదట ఆ ఊరివాళ్లు ఆయన మాటలకు మురిసిపోతారు. ఆ వెంటనే, కఫర్నాములో చేసినవి ఇక్కడా చేసి చూపమన్న ఆశ. చివరికి కొండ అంచుదాకా నెట్టుకుపోతారు. అదే అధ్యాయం మొదట్లో ఆయన ఎడారిలో నలభై దినాలు ఆకలితో, శోధనలతో గడిపాడు. సొంత ఊళ్లో ఆ సంగతి ఎవరైనా అడిగినట్టు సువార్తికుడు రాయలేదు.

దలీదా ప్రేమించిన లూయిజి తెంకో 1967లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఒకప్పటి భర్త లూసియన్ మోరీస్ 1970లో, మరో సహచరుడు 1983లో అదే దారి పట్టారు. వేలమంది చప్పట్లు కొట్టిన రాత్రి ఇంటికి వెళితే తలుపు తీసేవారెవరు? 1987 మే 3న, క్షమించమని చిన్న చీటీ రాసిపెట్టి, ఆమె కూడా వెళ్లిపోయింది.

ఆమెకు పారిసులోని మగ్దలా మరియమ్మ దేవాలయంలో అంత్యక్రియలు జరిగాయి. ఇది ఎట్లా సాధ్యమని మీలో పెద్దవాళ్లు అడగవచ్చు. 1917 నాటి శ్రీసభ చట్టం, తెలిసి తెలిసి ఆత్మహత్య చేసుకున్నవారికి అంత్యక్రియలు నిరాకరించింది. 1983 నాటి కొత్త చట్టంలో ఆ మాట లేదు. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం ప్రాణం దేవునిదేనని, దాన్ని తీసుకోవడం ఘోరమని గట్టిగానే చెబుతుంది. దానితోపాటే, తీవ్రమైన మనోవ్యథలో, భయంలో మనిషి బాధ్యత తగ్గుతుందని, అట్టివారి రక్షణ విషయంలో ఆశ వదలుకోవద్దని, శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుందని కూడా చెబుతుంది. తల్లి అంటే ఇట్లాగే ఉండాలి మరి.

సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసినవాళ్ల సంగతి వేరు. నీరెక్కని మెట్టమీద పత్తి వేసి, బోరు వెనుక బోరు వేసి, అప్పులో మునిగి వెళ్లిపోయిన రైతులు మన జిల్లాలో ఉన్నారు. పరీక్ష తప్పిన పిల్లలూ ఉన్నారు. ఆ ఇండ్లలో వాళ్ల పేర్లు పైకి పలకరు. చుట్టాలు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ తల్లి గుడిలో వెనుక వరుసలో కూర్చుని, దివ్యబలిపూజ ముగియకముందే లేచిపోతుంది. ఆమె పక్కన కూర్చున్నవాళ్లం మనమే.

ఈ పండుగకు ఊరికొచ్చినవాళ్లలో ఎవరి మాటలోనైనా నిరాశ వినబడితే, వారిని ఒంటరిగా వదలకండి. మాట తప్పించకండి, తీర్పు చెప్పకండి, దగ్గర కూర్చోండి. వైద్యునికి చూపడం విశ్వాసలోపం కాదు. ప్రభుత్వం నడిపే 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. డబ్బు ఖర్చు లేదు.

ఇక మృతుల పేర్ల చీటీలు. ఏటా గుడిలో పెట్టె నిండా వస్తాయి. అందులో తాతల పేర్లుంటాయి, అత్తమామల పేర్లుంటాయి. సిగ్గుపడి మీరు ఇన్నేళ్లుగా రాయని ఆ ఒక్క పేరు కూడా ఈసారి రాసివ్వండి. పీఠం దగ్గర మిగతా పేర్లతోపాటే, అదే గొంతుతో గురువు చదువుతాడు.