త్రోవ చూపినవానికి బంతిలో చోటు

పఠన భాగములు: యోహాను 21:1-14, గలతీ 2:11-14



స్నేహితులు కలిసి చేపల వేటకు వెళ్లుట క్రొత్త సంగతి కాదు. ప్రభువు మృతులలోనుండి లేచిన తరువాత శిష్యులు ఏడుగురు అట్లే ఒక రాత్రి పడవ యెక్కిరి. పేతురు ముందుగా లేచెను. తక్కినవారు అతని వెంబడి వెళ్లిరి. ఆ భాగమును ఆధారము చేసికొని మనమొక ప్రశ్నను ఆలోచింతము. ఒకని తెలివివలన మనము మేలు పొంది, ఒప్పుకొన్న కూలి అతని చేతిలో పెట్టినయెడల, మన ఋణము తీరినట్లేనా?

వరద తగ్గిన గోదావరిలో వాలుగల కొరకు నలుగురు మిత్రులు ఒక పడవవానిని కుదుర్చుకొన్నారనుకొనుడి. వాలుగ పెద్ద నోరు గల చేప. దానికి పొలుసు లేదు, పొడవైన మీసములున్నవి. కన్ను ఆనని బురదనీటిలో సహితము ఈ జాతి చేపలు మీసములతో తడవి, రుచి చూచి, మేతను పోల్చుకొనును. పగలు లోతైన మడుగులలో దాగి, చీకటి పడిన తరువాత వేటకు బయలుదేరును. పట్నమునుండి వచ్చినవారికి నదియంతయు ఒకే నీరుగా కనబడును. పడవవానికి అట్లు కాదు. సుడిని చూచి లోతును, ఒడ్డును చూచి మడుగును ఎరుగును. గాలము ఎక్కడ వేయవలెనో, ఎంతసేపు ఓర్చుకొనవలెనో అతడే చెప్పును.

చేప పడినది. ఇసుకతిన్నెమీద పొయ్యి వెలిగినది. నలుగురును విస్తళ్ల ముందు కూర్చుండిరి. పడవవాడు దూరముగా పడవ అంచున కూర్చుండెను. ఎవరైనను మాటవరసకు పిలిచినయెడల, "తమరు కానివ్వండి బాబూ, నేను తర్వాత తింటాను" అనును. కూలి పూర్తిగా ముట్టినది. ఇందులో తప్పేమున్నదని మీరడుగవచ్చును.

మొదట న్యాయమును చూతము. కూలివాని కూలి తెల్లవారువరకు ఉంచుకొనరాదని లేవీయకాండము 19వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. దానిని నెరవేర్చుట మంచిదే. అయితే ఆ కూలి దేనికి? అతని దినమునకు, అతని తెడ్డునకు. అతని తండ్రి తాతలు ఆ నీటిమీద గడపిన సంవత్సరములకు వెల ఎవరు కట్టగలరు? నదిమీద ఉన్నంతసేపు మన ప్రాణము అతని చేతిలో నుండెను గదా, దానికి వెల యెంత? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగినపుడు, సమీప గ్రామస్థులు తమ చిన్న పడవలమీద వచ్చి అనేకులను ఒడ్డు చేర్చిరి. మునిగిన ఆ పడవను అక్టోబరు 22న పైకి తీసినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము. నీటిని ఎరిగినవారి విలువ ఆ దినములలో అందరికిని తెలిసినది. రోమా పత్రిక 13వ అధ్యాయములో పౌలు అన్ని బాకీలు తీర్చివేయుడని చెప్పి, ప్రేమ అను ఒక్క ఋణమును మాత్రము మిగిల్చెను. కూలి తీర్చలేనిది ఈ ఋణమే.

అతడే దూరముగా కూర్చుండెను గదా, బలవంతమేల అని కొందరందురు. తరతరములుగా వెనుకకు నెట్టబడినవాడు, ఎవరును నెట్టకమునుపే వెనుకకు తొలగును. అది అతని ఇష్టమని చెప్పుకొనుట మనకు సులువు. అది సత్యము కాదు.

ఇప్పుడు తిబెరియ తీరమునకు వత్తము. రాత్రియంతయు ప్రయాసపడినను ఒక్క చేపయు పడలేదు. ఒడ్డున నిలిచిన యొకడు కుడిప్రక్కను వల వేయుమనెను. ఆయన ఎవరో వారెరుగరు. అయినను విని వేసిరి. 153 గొప్ప చేపలు పడెను. త్రోవ చూపిన ఆయనకు వారు చోటిచ్చిరా? లేదు, ఆయనయే వారికి చోటిచ్చెను. నిప్పులు రాజవేసి, రొట్టెయు చేపయు సిద్ధపరచి, భోజనమునకు పిలిచి, తన చేతితో వడ్డించెను. వారు పట్టిన చేపలలో కొన్ని తెమ్మని అడిగి, వారి కష్టమును గూడ ఆ భోజనములో చేర్చెను.

ఆ నిప్పుల యొద్ద తినిన పేతురే తరువాత అంతియొకయలో అన్యజనులతో భోజనము చేయుట మాని, మనుష్యులకు భయపడి వెనుదీసెను. పౌలు ముఖాముఖిగా అతనిని ఎదిరించెను. అంత గొప్ప అపొస్తలుడే బంతి దగ్గర తప్పిపోయినయెడల, మనము ఎంత మెలకువగా నుండవలెను!

గలిలయ సరస్సులోను పొలుసులేని మీసాల చేప యొకటి కలదు. లేవీయకాండము 11వ అధ్యాయము ప్రకారము యూదులకు అట్టిది అపవిత్రము. మనమో, క్రీస్తునందు ఆ నియమమునుండి విడుదల పొందితిమని వాలుగను సంతోషముగా తినుచున్నాము. పొలుసులేని చేపకు విస్తరిలో చోటిచ్చి, దానిని పట్టించినవానికి బంతిలో చోటియ్యనియెడల, మన విడుదల కడుపువరకే వచ్చినది గాని హృదయమువరకు రాలేదు.

సహోదరులారా, మన పితరులలో అనేకులు వేరుగా కూర్చుండి, వేరు పాత్రలలో నీళ్లు త్రాగినవారే. పరదేశి మనస్సు ఎట్లుండునో మీరెరుగుదురని దేవుడు ఇశ్రాయేలుతో చెప్పిన మాట మనకును చెల్లును. నేడు మనలో కొందరికి ఉద్యోగము, పొలము, ఇల్లు కలిగినవి. మన బావి త్రవ్వినవాడు, మన సమాధుల గుంటలు తీయువాడు, కోతకు వచ్చిన కూలివారు మన ప్రేమవిందులో ఎక్కడ కూర్చుండుచున్నారు? మిగిలినది వారికి పెట్టుచున్నామా, లేక వారి ప్రక్కనే మన విస్తరి వేసికొనుచున్నామా? ఈ మాసములో ప్రతి కుటుంబమును ఒక్కరినైనను పిలిచి, పేరు పెట్టి పలుకరించి, ఒకే బంతిలో భుజించును గాక.

ప్రభువా, తీరమున మాకొరకు నిప్పులు రాజవేసినవాడా, నీవు పిలిచినవారిని మేము దూరముగా కూర్చుండబెట్టకుండునట్లు కృప దయచేయుము. ఆమేన్.