పొందిన ఆదరణ, అందించవలసిన ఆదరణ



మన ధ్యానమునకు ఆధారము 2 కొరింథీయులకు 1వ అధ్యాయము, 3 నుండి 7 వచనములు. పౌలు ఇక్కడ ఆదరించు దేవుని స్తుతించి, ఆ ఆదరణ మనకు ఎందుకు కలిగినదో కూడ చెప్పుచున్నాడు. శ్రమలో మనము పొందినది మనయొద్దనే నిలిచిపోరాదు. శ్రమలోనున్న మరియొకరికి అందవలెను.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రయే దీనికి సాక్ష్యము. 1876 నుండి 1878 వరకు మదరాసు రాజధానిని ఘోరమైన కరవు పీడించెను. అప్పుడు ఒంగోలులోనున్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమునకు కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు దొరకునట్లు చేసిరి. మన బోధకులు ఆ కూలీల మధ్యనే ఉండి, పని చూచుచు, వారితో మాటలాడుచు, ధైర్యము చెప్పిరి.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. కరవు దినములలో అనేకులు బాప్తిస్మము కోరినను దొరగారు ఇయ్యలేదు. కూటికొరకు ఎవరును విశ్వాసులు కారాదని వారి తలంపు. సహాయపు పని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నము పెట్టిన చెయ్యి వెల అడుగలేదు.

ఆ కాలువ మనకు దూరమైనది కాదు. పులికాట్ మీదుగా మన తిరువళ్లూరు జిల్లాలోనుండియే అది చెన్నైకి పోవుచున్నది. మనలో కొందరి పెద్దలు బ్రతుకుతెరువునకై ఇటు వలస వచ్చిరి. తిరుత్తణివారి విషయములోనైతే, 1960లో సరిహద్దే జరిగి చిత్తూరు జిల్లానుండి వారిని ఈ రాష్ట్రములో చేర్చెను. నేడు మనకు ఇండ్లున్నవి, ఉద్యోగములున్నవి, మందిరములున్నవి. అయితే ఇటుక బట్టీలలో పనికి ఒడిశా నుండి వచ్చువారు మన పెద్దలవలెనే మూట నెత్తిన పెట్టుకొని దిగుచున్నారు.

మేము సిగ్గుతో ఒక సంగతి ఒప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి బట్టీలో ఒక తల్లి తన బిడ్డను పోగొట్టుకొనెను. వెళ్లుదమా అనగా, "వారు మనవారు కారు గదా" అని కొందరనిరి. పెద్దలమైన మేము వారిని మందలింపలేదు. చివరకు వెళ్లి, ఆమెకు తెలియని తెలుగులో దీర్ఘ ప్రార్థన చేసి, ఇదంతయు దైవచిత్తమని చెప్పి తిరిగివచ్చితిమి. మన సంఘములోని ఒక వృద్ధ విధవరాలు మాత్రము మాతో రాలేదు. తన కుమారుని సమాధి చేసిన తల్లి ఆమె. ఆ తల్లి ప్రక్కన నేలమీద కూర్చుండి, ఇంత రాగిజావ త్రాగించి, చీకటిపడువరకు ఆమె చెయ్యి విడువలేదు. భాష ఇద్దరికిని కలియలేదు, కన్నీరు కలిసినది.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిరి: ఏడ్చుచున్న పిల్లవానికి పాఠము చెప్పకుడి, ముందు దగ్గరకు తీసుకొనుడి అని. బడిలో పాటించితిమి గాని ఆ దినమున మరచితిమి. యోబు స్నేహితులును ఏడు దినములు మౌనముగా నేలమీద కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే. నోరు తెరచి కారణములు వెదకినప్పుడే బాధకులైరి.

కాబట్టి ప్రియులారా, మూడు సంగతులు జ్ఞాపకముంచుకొందము. మొదటిది, మాటకు ముందు మనిషి వెళ్లవలెను. రెండవది, శ్రమకు కారణము వెదకి గాయమును రేపకూడదు. మూడవది, చేసిన మేలుకు వెల కోరకూడదు. సంఘపు లెక్కలో ఒక పేరు పెరుగుననియు కోరకూడదు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఇద్దరిద్దరుగా ఒక రోగియొద్దకో, పిల్లలు దూరముననున్న వృద్ధులయొద్దకో, బట్టీలోని ఒక గుడిసెకో వెళ్లుదము. కొంచెము సేపు కూర్చుండి వత్తము.

మన పితరులను కరవులో విడువని దేవుడు, మనద్వారా మరియొకరిని ఆదరించును గాక. ఆమేన్.