నోటుబుక్కులో మిగిలిన లెక్క

 

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఆటీను ఆసు అంచున గోటి నొక్కు, ఇస్పేటు రాజుకు అదే చోట ఇంకొకటి, ఆ తర్వాత మీరు నలుగురూ రాసిన నోటుబుక్కు పేజీలు. ఫోను తెర మీద వేళ్లతో సాగదీసుకుంటూ అంకె అంకె చదివాను. మీ పెద్దమ్మ “ఈయనకి మళ్లీ పేపర్లు దిద్దే పని పడ్డట్టుంది” అని నవ్వింది. నిజంగా అలాగే కూర్చున్నాను.

ముందు, మీ హాస్టల్ పేకాటలో ఇలా గోటి గుర్తులు పెట్టి ఆడిన అబ్బాయిని మీరు పట్టుకున్న తీరు గురించి. లెక్కల మాస్టారుగా చెబుతున్నాను, బాగుంది. మామూలుగా పేకాటలో ఎవరి మీదైనా అనుమానం వస్తే వాడికి వచ్చిన ముక్కలు చూస్తారు. మీరాడే మూడు ముక్కలాటలో యాభై రెండు ముక్కల్లోంచి మూడేసి చొప్పున తీస్తే 22,100 చేతులు వస్తాయి. వాటిలో ట్రయల్, అంటే మూడూ ఒకే రకం ముక్కలు, పడేవి 52 మాత్రమే. అంటే సగటున 425 చేతులకు ఒకటి. ఒక రాత్రి ఒకడికి రెండు ట్రయల్స్ పడితే అందరూ వాడి చొక్కా చేతులు తడుముతారు. ఆ అబ్బాయికి అలాంటివేమీ పడలేదు. మీరు చూసింది వాడు గెలిచిన ఆటలు కాదు, వదిలేసిన ఆటలు. ఎదుటివాడి చేతిలో పెద్ద ముక్కలున్న ప్రతిసారీ వాడు మొదట వేసిన బూటు మాత్రం పోగొట్టుకుని, ముక్కలు పడేసి ప్యాక్ అయిపోయాడు. షో దాకా వెళ్లి ఓడింది దాదాపు లేదు. గుర్తు పెట్టిన పేకతో ఆడేవాడి లాభమంతా అక్కడే ఉంటుంది. వాడికి మంచి ముక్కలు రానక్కర్లేదు, నీవి తెలిస్తే చాలు. ఈ సంగతి పట్టి, ఎవరికీ చెప్పకుండా రాత్రి రాత్రికీ రాసుకుని, చివరి రాత్రి పేక ఒక్కటే మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి చూశారు. ఆ రాత్రి వాడు కూడా అందరిలాగే గుడ్డిగా ఆడి ఓడాడు. ఒక్కటే మార్చి చూడాలన్న తెలివి నా దగ్గర చదివిన చాలామంది ప్రాక్టికల్ పరీక్షల్లో కూడా చూపించలేదు.

ఇలాంటిదే పెద్ద ఎత్తున ఒకసారి జరిగింది. 2007లో అబ్సొల్యూట్ పోకర్ అనే ఇంటర్నెట్ పేకాట సైటులో ‘పాట్‌రిప్పర్’ అనే ఖాతా వెయ్యి డాలర్ల ఎంట్రీ ఉన్న పోటీ గెలిచింది. ఓడిన వాళ్లలో ఒకరు అనుమానమొచ్చి ఆటల వివరాలు అడిగితే, కంపెనీ వాళ్లు అందరి ముక్కలూ ఉన్న పట్టిక మొత్తం పంపేశారు. ఆటగాళ్లే దాన్ని చేయి చేయి చదివారు. ఎదుటివాళ్ల ముక్కలు కనబడుతుంటే తప్ప అలా ఆడటం కుదరదని తేల్చారు. ఆ టేబుల్ని చూస్తూ కంపెనీ లోపలి ఖాతా ఒకటి కూర్చుని ఉందనీ కనిపెట్టారు. కంపెనీ మొదట కాదంది, తర్వాత ఒప్పుకుంది, పోయిన డబ్బు వెనక్కిచ్చింది. 

నేను చెప్పదలచింది ఆ తర్వాతి కథ. దొంగ దొరికాడు కదా, ఇక భయం లేదని చాలామంది అక్కడే ఆడుతూ ఉండిపోయారు. 2011 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఇలాంటి పెద్ద సైట్ల మీద కేసులు పెట్టింది. చూస్తే ఆటగాళ్లకు తిరిగివ్వడానికి ఆ కంపెనీ దగ్గర డబ్బే లేదు. ఒక్క దొంగ ముక్కలు చూసి కొట్టేసినప్పుడు వెంటనే తెలుసుకున్నవాళ్లకు, తమ డబ్బు మొత్తం దాచుకున్న పెట్టె ఖాళీ అయిందని నాలుగేళ్ల తర్వాత గాని తెలియలేదు.

నీ మెసేజిలో నన్ను ఆపేసింది రెండో వాక్యం. “ఇకనుంచి రోజూ కొత్త పేక, అంతా క్లీన్ గేమ్” అన్నావు. అందుకే నోటుబుక్కు మళ్లీ మొదటినుంచీ కూడాను. మీరు ఆ అబ్బాయి పేరున్న గడికే ఎర్ర గీత గీశారు. నేను మిగతా గడులు కూడాను.

మీతో ఆడిన ఆ ఫస్టియర్ అబ్బాయి ఉన్నాడే, అతనికి గెలిచిన చిన్నాచితకా తీసేస్తే నికరంగా 6,400 పోయాయి. అందులో గోటి గుర్తులవాడు గెలిచిన ఆటల్లో పోయినవి 2,700. మిగతా 3,700 మీ నలుగురు గెలిచిన ఆటల్లో పోయాయి. అందులో నీవి 1,150. కొత్త పేక పెట్టిన రాత్రి, అంటే ఏ మోసమూ లేదని మీరే ఖాయం చేసుకున్న రాత్రి, అతనికి 900 పోయాయి. నువ్వే ఒకచోట రాశావు, అది అతని మెస్సు డబ్బని. దొంగ తీసుకున్న 2,700 మోసం అయింది. మీరు తీసుకున్న 3,700 ఆట అయింది. ఆ పిల్లవాడు మెస్సు కౌంటరు దగ్గర నిలబడినప్పుడు ఈ రెండిటికీ తేడా ఏమిటో నాకు చెప్పు.

గోటి గుర్తుల అబ్బాయి చేసింది చిన్న తప్పని నేననడం లేదు. అందరూ గుడ్డిగా కూర్చున్న చోట తానొక్కడే కళ్లు తెరుచుకుని కూర్చున్నాడు, అది దొంగతనమే. కాని వాణ్ణి తీసేసినంత మాత్రాన మూడు ముక్కలాటలో ఎక్కడినుంచో కొత్త డబ్బు పుట్టదు. అయిదుగురు కూర్చుంటే అయిదుగురి జేబుల్లోంచి వచ్చిందే అటూ ఇటూ తిరుగుతుంది. ఎవరికి పోగొట్టుకునే ఓపిక తక్కువో వాడి దగ్గరినుంచే ముందు పోతుంది. “స్కిల్ కూడా ఉంటుంది పెదనాన్నా” అని అంటావని తెలుసు. 1968లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో రమ్మీకి ఆ మాట ఒప్పుకుంది, నిజమే. అయితే అదే తీర్పులో మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆటగా విడిగా పెట్టింది. చట్టం సంగతి ఇంతకంటే పొడిగించను. పోలీసులు రాకపోతే ఆడొచ్చా అన్నది నీ ప్రశ్న కాదని నా నమ్మకం.

నువ్వు పోరు పెట్టి చూడమన్నావు కదా, ఆ ‘కకెగురుయి’ కొన్ని భాగాలు చూశాను. హోమురా కవమొతో కథ రాస్తే తోరు నవోమురా బొమ్మలు వేశారట, 2014లో మొదలైన మాంగా, 2017లో యానిమే. స్కూల్లో మార్కుల్ని బట్టి కాదు, జూదాన్ని బట్టి స్థాయి. అప్పు తీర్చలేనివాళ్లు పెంపుడు జంతువుల లెక్క, మెడలో బిళ్ల వేసుకుని తిరగాలి. కొత్తగా చేరిన యుమెకో, క్లాసునంతా ఆడించే మేరీతో కూర్చుంటుంది. తోటి పిల్లలే కార్డుల మీద రాయి, కాగితం, కత్తెర వేసి పెట్టెలో పడేస్తే అందులోంచి తీసి ఆడే ఆట. మేరీ ముందే పిల్లల్ని తన వైపు తిప్పుకుని ఉంటుంది. యుమెకో పసిగడుతుంది. కేకలు వెయ్యదు, టీచరు దగ్గరికి పరుగెత్తదు, పందెం కోటి యెన్‌లకు పెంచుతుంది. మీకందరికీ ఆ పిల్ల ఎందుకు నచ్చిందో అర్థమైంది. బొమ్మలు కూడా బాగా వేశారు, ఆ కళ్లు మాత్రం నాకు రాత్రి నిద్రలో కూడా కనిపించాయి.

మరి మేరీ ఓడాక ఏమైంది? తను ఎవర్నయితే జంతువుల్లా చూసిందో ఆ వరసలోకే వెళ్లింది. స్కూలు మారలేదు, బిళ్లలు పోలేదు, స్టూడెంట్ కౌన్సిల్ కదల్లేదు. ఒక మెడ బదులు ఇంకో మెడ, అంతే. మీరు ఆ అబ్బాయి మెడలో అట్టముక్క కట్టి దాని మీద ‘దొంగ’ అని రాసి వీడియో తీసినప్పుడు ఈ భాగం గుర్తొచ్చే కట్టారా, లేక గుర్తులేకుండానే చేశారా? అందులో వెనకనుంచి నవ్వుతున్న గొంతుల్లో నీది నేను పోల్చుకున్నాను.

మన భారతం నీకు కొత్త కాదు. శకుని పాచికల్లో మోసముందని మాయాజూదం చదివిన చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. సభలో ఉన్న పెద్దలకు తెలియదా? తెలిసే కూర్చున్నారు. ఆ సభలో లేచిన కుర్రవాడు ఒక్కడు, వికర్ణుడు, దుర్యోధనుడి తమ్ముడే. వాడు అడిగిందేమిటో ఓసారి తీసి చదువు. పాచికలు చూపించండి అనలేదు. వ్యసనంలో మునిగినవాడు చేసిన పని చెల్లుతుందా, తన్నుతాను ఓడిపోయినవాడికి ద్రౌపదిని ఒడ్డే హక్కెక్కడిది, పైగా ఆమె అయిదుగురి భార్య కదా అన్నాడు. పాచికల్ని వదిలేసి పందెం మీద పడ్డాడు. కర్ణుడు గద్దించాడు, సభ మళ్లీ మౌనమైంది, అది వేరే సంగతి. నాకు ఆ పర్వంలో భీముడి శపథం కంటే ఈ కుర్రాడే గొప్పగా కనిపిస్తాడు.

ధర్మరాజుకు అడవిలో వచ్చిన బెంగ మాత్రం మీలాంటిదే, మళ్లీ ఎవరైనా జూదానికి పిలిస్తే ఎలా అని. బృహదశ్వుడు నలుడి కథ చెప్పి అక్షహృదయం ఉపదేశించాడు. ఇక ఏ శకునీ మోసం చెయ్యలేడు. ఆ విద్యతోనే విరాటుడి కొలువులో కంకుడై పాచికలాడాడు. చివరికి ఏమైంది? గెలుపు బృహన్నలదే అన్నందుకు రాజుకు కోపమొచ్చి అవే పాచికలు మొహాన కొట్టాడు, ముక్కు వెంట రక్తం కారింది. ఆట రహస్యమంతా తెలిసినవాడికి కూడా ఆ దెబ్బ తప్పలేదు.

ఇక వీడియో. గ్రూపులో పెట్టాలా వద్దా అని మీలో మీకు వాదన నడుస్తోందన్నావు. తీసెయ్యి. నీ ఫోన్లోంచి తీసేస్తే చాలదు, నలుగురి దగ్గరా నీ కళ్లముందే పోవాలి. హాస్టల్లో పరువు పోయిన కుర్రవాడు ఆ రాత్రి ఏ గదిలో పడుకుంటాడు, ఎవరితో అన్నానికి వెళ్తాడు అని ఎవరూ ఆలోచించరు. నువ్వు వెళ్లి, కెమెరా లేకుండా, వాడు తిన్నాడో లేదో అడుగు. వాడు నిన్ను తిట్టినా తిట్టనీ. తర్వాత కావాలంటే వాడు చేసింది తప్పని మొహాన చెప్పు, ఆ హక్కు నీకుంది.

వార్డెన్‌కు చెప్పాలా అన్నది నీ ఇంకో ప్రశ్న. చెప్పు, అయితే అయిదుగురి పేర్లూ చెప్పు, మొదట నీది. వాడి ఒక్కడి పేరే చెప్పే పనైతే ఆ గుమ్మం తొక్కకు.

వాడి జేబులోదీ ఫోన్‌పేలోదీ కలిపి తొమ్మిది వేలు కక్కించి నలుగురూ పంచుకున్నామని రాశావు. ఫస్టియర్ అబ్బాయి ఆ నలుగురిలో లేడు. అతనికి చేరాల్సింది మొత్తం 6,400. మోసంలో పోయిన 2,700 ఆ తొమ్మిది వేలలోంచి ముందు తీసి ఇవ్వండి. మిగతా 3,700 ఎవరివెంతో పేజీల వారీగా వేరే కాగితం మీద వేశాను, దీనితోపాటే ఫొటో పంపుతున్నాను. నీ వంతుకు వచ్చే 1,150 నీ దగ్గర లేకపోతే చెప్పు, నేను పంపుతాను, వేసవి సెలవుల్లో నాకు తిరిగి ఇద్దువుగాని. ఆరో పేజీలో ఒక అంకె ఏడో ఒకటో సరిగా కనబడలేదు, ఏడనుకునే కూడాను. ఒకటైతే నీ వాటాలో అరవై తగ్గుతుంది. అసలు పుస్తకం చూసి ఈ రాత్రికే రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న