ఆహారశుద్ధి – ఔషధశుద్ధి



నేను పండితుడను కాను, వైద్యుడను కాను. శివకాశిలో కిరాణా అంగడి పెట్టుకొని జీవించుచున్న సామాన్య శ్రావకుడను. అయినను కడుపు జబ్బులకు మనము ఇండ్లలో చేసుకొను చిట్కాలను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. ఆ విషయమున నేను చేసిన తప్పు మీ ఇండ్లలో జరుగరాదని నా కోరిక.

మన శాస్త్రములు బాహ్యతపస్సులు ఆరని చెప్పినవి. మొదటిది అనశనము, అనగా ఉపవాసము. రెండవది అవమౌదర్యము, అనగా ఆకలికన్న కొంచెము తక్కువగా భుజించుట. రసపరిత్యాగమనగా నెయ్యి, పాలు, పెరుగు మొదలగు రుచులను విడుచుట. ఇవి కర్మనిర్జర కొరకు విధింపబడినవే గాని కడుపునొప్పికి మందుగా చెప్పబడినవి కావు. అయినను వీనివలన దేహమునకును మేలు గలదు. సూర్యాస్తమయమునకు ముందే భుజించువాడు నిండు కడుపుతో పండుకొనడు. పండుకొనుటకు రెండు మూడు గంటల ముందే భోజనము ముగించినచో గుండెమంట, పులిత్రేన్పులు తగ్గునని నేటి వైద్యులును చెప్పుచున్నారు.

ఔషధజ్ఞానము మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. ఈ తమిళదేశమున కణిమేదావియార్ అను జైనకవి తన నీతిగ్రంథమునకు ‘ఏలాది’ అని పేరు పెట్టెను. ఏలకులు, మిరియాలు, పిప్పలి, శొంఠి మొదలగు ఆరు దినుసుల మందు పేరది. 9వ శతాబ్దమున ఉగ్రాదిత్యాచార్యులు సంస్కృతమున ‘కల్యాణకారకము’ అను వైద్యగ్రంథము రచించిరి. వారున్న రామగిరి మన విజయనగరం జిల్లాలోని రామతీర్థమేనని పలువురు పండితుల అభిప్రాయము. మందు పేరుతోనైనను మాంసము, మద్యము ముట్టరాదని వారు వాదించిరి. దీనినుండి నేను గ్రహించినది ఒక్కటే: రోగికిచ్చు దానిలో ఏమున్నదో విచారింపక ఈయరాదు. ఈ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది.

మా మనుమనికి ఏడవ ఏట కడుపుబ్బరము, విరేచనములు పట్టుకొన్నవి. బిడ్డ ఎదుగుదల నిలిచిపోయినది. నేను వాము కషాయమిచ్చితిని. పచ్చి అల్లము మనకు నిషిద్ధము గనుక శొంఠి ఇచ్చితిని. కరక్కాయ పొడి ఇచ్చితిని. ప్రతి పూట మజ్జిగలో ఇంగువ కలిపి త్రాగించితిని. “మామయ్యగారూ, ఒకసారి డాక్టరుకు చూపుదామండీ” అని కోడలు రెండు మూడుసార్లు అన్నది. “మన ముత్తాతలు ఏ డాక్టరు దగ్గరకు పోయినారమ్మా?” అని ఆమె నోరు మూయించితిని. ఎనిమిది నెలలు గడచినవి.

ఆ మధ్య ఆయంబిల్ ఓలీ వచ్చినది. బిడ్డ తన నాయనమ్మ ప్రక్కన కూర్చుండి తొమ్మిది దినములు అన్నము, పెసరపప్పు మాత్రమే తినెను. ఉబ్బరము కొంత తగ్గినది. వ్రతమహిమ అని సంతోషించితిమి. ఓలీ ముగియగానే చపాతీలు, ఖాఖరాలు మొదలైనవి. జబ్బు తిరిగి వచ్చినది. అప్పటికైనను ఎందుకని ఆలోచింపలేదు.

తుదకు మధురైలో వైద్యులు రక్తపరీక్ష చేసి, గొట్టము ద్వారా చిన్నప్రేగునుండి రవ్వంత ముక్క తీసి చూచి, సీలియాక్ వ్యాధి అని తేల్చిరి. గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అను పదార్థము పడక, దేహము తన ప్రేగునే తాను దెబ్బతీసికొనునట. రెండవ ప్రపంచయుద్ధాంతమున, 1944–45 శీతకాలమున, హాలెండులో రొట్టె దొరకని కరువు వచ్చినది. అప్పుడు ఈ రోగము గల పిల్లలు నెమ్మదించుట డికీ అను వైద్యుడు గమనించెను. గోధుమయే కారణమని 1950లో తన సిద్ధాంతగ్రంథమున వివరించెను. మా ఇంట ఓలీలో జరిగినదియు అదియే గదా!

వైద్యుడు ఇంగువ సంగతి అడిగినప్పుడు నా తల తిరిగినది. అంగళ్లలో దొరకు ఇంగువ చాలవరకు బంధానీ ఇంగువ. అసలు ఇంగువ మిక్కిలి ఘాటైన జిగురు. దానిలో తుమ్మజిగురు, మైదా లేక బియ్యపుపిండి కలిపి అమ్మెదరు. నేను మందని ప్రతి పూట పోసినది మైదా కలిసిన ఇంగువయే. పైగా అది నా అంగడిలోని సరకే! పెద్ద డబ్బాపై గోధుమపిండి అని వ్రాసియే యున్నది. చిన్న పొట్లములు కట్టునప్పుడు ఆ వ్రాత డబ్బాతోనే పోయెడిది. ముప్పది ఏండ్లుగా అట్లే అమ్మితిని.

వర్తకులారా, అచౌర్యాణువ్రతమునకు చెప్పిన అతిచారములలో ప్రతిరూపక వ్యవహారమొకటి. అనగా ఒకటి చూపి దానివంటి మరియొకటి అమ్ముట. బంధానీ ఇంగువ అమ్ముట తప్పు కాదు. అందేమి కలిసినదో కొనువానికి చెప్పకుండుట తప్పు. ఇప్పుడు నా అంగడిలో ప్రతి పొట్లముపై దినుసులు వ్రాయించుచున్నాను. జీర్ణశక్తికని వచ్చు చూర్ణములు, గుళికలు గూడ దినుసుల వివరము లేనిచో తీసికొనుట లేదు.

గృహిణులకొక మనవి. తిన్నది అరుగని పూట వాము నీరు, జీలకర్ర నీరు మంచివే. నేటికిని మా ఇంట వాడుచున్నాము. కాని బిడ్డ బరువు పెరుగనిచో, విరేచనములు వారముల తరబడి సాగినచో, మలములో నెత్తురు కనబడినచో, నల్లని విరేచనమైనచో చిట్కాలు కట్టిపెట్టి వైద్యుని చూడుడు. గోధుమపై అనుమానమున్నను పరీక్షకు ముందే దానిని మానిపింపకుడు. మానినచో పరీక్షలో రోగము బయటపడక పోవచ్చును. చక్కెరవ్యాధి గలవారు, గర్భిణులు వైద్యుని అడిగియే ఉపవాసము పట్టవలెను.

మా కోడలు ఇప్పుడు కోవిల్పట్టి నల్లరేగడిలో పండిన సజ్జలు, జొన్నలు తెప్పించి, శుభ్రము చేసి, వేరుగా పట్టించి రొట్టెలు చేయుచున్నది. పిల్లవాడు ఎదుగుచున్నాడు, బడికి పోవుచున్నాడు.

అహింస అనగా చీమను త్రొక్కకుండుట మాత్రమే కాదు. మన మొండితనముచేత ఇంటి బిడ్డ ఎనిమిది నెలలు బాధపడుటయు హింసయే. గత సంవత్సరీ నాడు ఊరందరికన్న ముందు ఆ బిడ్డకును, నా కోడలికిని చేతులు జోడించితిని. మీకును అదే చెప్పుచున్నాను.

మిచ్ఛామి దుక్కడం.