కౌలు గీత

కామర్స్ విద్యార్థులు గ్రాఫ్ కాగితం మీద గీసే బ్రేక్ ఈవెన్ చార్టు కృష్ణా డెల్టా కౌలు రైతుకు ఎంతో అవసరం. ఎకరాకు కౌలు, దుక్కి, నాట్లు, ఎరువులు కలిపి 40,000 రూపాయలు అనుకుందాం. పంట పండినా ఎండినా ఈ ఖర్చు గీత కదలదు, అడ్డంగా అలాగే ఉంటుంది. దాని మీద నుంచి కోతకు, మోతకు బస్తాకు 100 చొప్పున కలుపుతూ ఏటవాలుగా మరో గీత, అదే మొత్తం ఖర్చు. ధాన్యం ధర బస్తాకు 1,700 అయితే, సున్నా దగ్గర మొదలైన రాబడి గీత 25 బస్తాల దగ్గర ఖర్చును అందుకుంటుంది. తుపానుకు చేను పడిపోయి 20 బస్తాలే చేతికొస్తే నష్టం 8,000. ఇంటిల్లిపాది చాకిరీకి కూలి ఇందులో కట్టనే లేదు! బెజవాడ హాస్టళ్లలో చదువుకుంటున్న రైతు బిడ్డలారా, ఈసారి కౌలు మాట్లాడుకోకముందే నాన్నగారి పక్కన కూర్చుని ఈ చార్టు గీయండి.