తలుపు తట్టినది ఎవరు?



ఆసుపత్రిలో చీటీలు రాసేవారు, పాఠశాల ఆఫీసులో ఫీజులు కట్టించుకునేవారు, బ్యాంకు కౌంటరులో కూర్చునేవారు, కంపెనీల్లో రిసెప్షన్ చూసుకునేవారు మన విచారణల్లో ఎందరో ఉన్నారు. వచ్చినవారిని పలుకరించడం వీరి ఉద్యోగంలో మొదటి పని. ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయమా? లేక మన విశ్వాసానికి కూడా సంబంధించినదా?

దివ్యగ్రంథంలోని రూతు కథలో బోవసు అనే ఆసామి ఉన్నాడు. బేత్లెహేము నుండి పొలానికి రాగానే అతడు కోతగాండ్రను ప్రభువు పేరిట పలుకరించాడు. వారూ దీవెనతోనే బదులు పలికారు. మిగిలిన మాటలన్నీ ఆ తరువాతే. పరిగె ఏరుకోవడానికి వచ్చిన పరదేశి రూతుకు ఆదరణ దొరికింది అలాంటి పొలంలోనే.

6వ శతాబ్దంలో పునీత బెనెడిక్టు తన మఠవాసులకు నియమావళి రాశారు. వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తునిగా ఎంచి చేర్చుకోవాలని, పేదలను, యాత్రికులను మరింత శ్రద్ధగా చూడాలని 53వ అధ్యాయంలో ఆదేశించారు. ధనవంతుడంటే ఉన్న జంకు వల్ల అతనికి గౌరవం ఎలాగూ దక్కుతుందని ఆయనకు తెలుసు. 66వ అధ్యాయమైతే ద్వారం దగ్గర ఉండవలసినవాని గురించే. అతడు వివేకం కలిగిన పెద్దవాడై ఉండాలి. తలుపు తట్టిన వెంటనే దేవునికి కృతజ్ఞత తెలిపి, ఆలస్యం చేయకుండా సౌమ్యంగా బదులివ్వాలి. పని ఎక్కువైతే అతనికి ఒక చిన్న సహోదరుని తోడు ఇవ్వాలి. ఒక్క గుమాస్తాను వందమంది ముందు కూర్చోబెట్టి, చిరునవ్వు లేదని తప్పుపట్టే యజమానులు ఈ చివరి మాటను గమనించాలి.

ఈ పనిలోనే పునీతుడైనవారు అల్ఫోన్సు రోడ్రిగ్స్. స్పెయిను దేశపు బట్టల వర్తకుడు. భార్య, పిల్లలు మరణించారు, వ్యాపారం దెబ్బతిన్నది. పెద్ద చదువు లేదు. 1571లో యేసుసభలో సహోదరునిగా చేరి, మజోర్కా ద్వీపంలోని కళాశాలలో చాలా ఏళ్లు ద్వారపాలకునిగా పనిచేశారు. తలుపు చప్పుడైనప్పుడల్లా బయట నిలిచింది ప్రభువేనని తలచుకుని లేచేవారు. అక్కడ చదువుకున్న పీటర్ క్లావర్ ఆయన ప్రోత్సాహంతోనే అమెరికా ఖండానికి వెళ్లారు. కార్తహేనా రేవులో బానిసల ఓడలు ఆగినప్పుడు ఆహారం, మందులు పట్టుకుని ఎదురువెళ్లారు. 1888లో 13వ లియో పోపుగారు ఈ ఇద్దరినీ ఒకేరోజున పునీతులుగా ప్రకటించారు.

ఇక మన సంగతి చూద్దాం. కారు దిగి వచ్చినవారికి మనం లేచి కుర్చీ వేస్తాం. చెప్పులు బయట విడిచి, చేతిలో నలిగిన కాగితంతో నిలబడ్డ ముసలివానికి తల ఎత్తకుండానే 'రేపు రా' అంటాం. బంగారు ఉంగరం పెట్టుకున్నవానికి ఒక స్థానం, మాసిన బట్టలవానికి మరొక స్థానం చూపించడాన్ని యాకోబు తన లేఖ 2వ అధ్యాయంలో గట్టిగా ఖండించాడు. కసురుకుంటే పేద రోగి తిరిగి రాకపోవచ్చు. జబ్బు ముదిరాక వస్తే, ఆ పాపంలో మనకు పాలు లేదా?

చేయవలసినవి పెద్ద పనులు కావు. తల ఎత్తి చూడండి. వయసుకు తగినట్లు 'రండి అమ్మా', 'చెప్పండి తాతా' అనండి. చేతిలో పని ఉంటే ఎంతసేపు ఆగాలో చెప్పి కూర్చోమనండి. మీ వల్ల కాని పనైతే, ఎవరిని కలవాలో స్పష్టంగా చెప్పండి. చదవడం రానివారికి గది చూపించండి. 'కాదు' అనవలసి వచ్చినా కారణం చెప్పి అనండి. వరుసలో ముందున్న పేదవానిని వెనక్కు నెట్టి, తెలిసినవారిని పిలువకండి.

రోజంతా జనంతో మాట్లాడితే విసుగు రావడం సహజమే. అందుకే ఉదయం కుర్చీలో కూర్చునే ముందు ఒక్క నిమిషం ప్రార్థించండి: 'ప్రభూ, ఈరోజు నీవు ఏ రూపంలో వచ్చినా నిన్ను నిలబెట్టి పంపకుండా నన్ను కాపాడుము.' పరదేశినై ఉండగా నన్ను ఆదరించారా అని అంత్యదినాన ప్రభువు అడిగినప్పుడు, మన బల్ల ముందు నిలిచినవారే మనకు సాక్షులౌతారు. వారి సాక్ష్యం మనకు అనుకూలంగా ఉండునుగాక. ఆమెన్.