సబ్బు రాసిన బెల్టు

"అమ్మేసే బండికి కొత్త బెల్టు దేనికి బాబూ? సబ్బు రాసిస్తా. నెల్రోజులు కిక్కురుమనదు."

విజయవాడ ఆటోనగర్‌లో, నాన్న కారు బానెట్ ఎత్తి చూస్తూ మెకానిక్ అన్న మాట ఇది. ఆయనేం మోసగాడు కాదు. పదేళ్ళుగా మా బండి చూస్తున్న మనిషి, నాకు ఖర్చు తగ్గిద్దామనే అన్నాడు. కొత్త బెల్టు ఖరీదు నేను ఓ ఆదివారం బయట భోంచేసి కట్టే బిల్లు కంటే తక్కువ. అయినా "వద్దు, మార్చేయండి" అని వెంటనే అనలేకపోయాను. పది సెకన్లు ఆలోచించాను. ఆ పది సెకన్లలో నా బుర్ర ఏం చేసిందన్నది అప్పట్నుంచీ నన్ను వదలడం లేదు.

బండి 2006 మారుతీ 800. పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ అయిపోతే ఇంకో ఐదేళ్ళకి రెన్యువల్ చేయించాం. నాన్నకి చూపు తగ్గింది, నేనుండేది వేరే ఊళ్ళో. అమ్మేద్దామనుకున్నాం. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీ...చుమని ఓ అరుపు, కాసేపటికి సద్దుమణిగేది. ఆ అరుపు ఫ్యాన్ బెల్టుది. నిజానికి ఈ కారులో ఫ్యాన్‌ని తిప్పేది వేరే కరెంటు మోటారు. బెల్టు తిప్పేది ఆల్టర్నేటర్‌నీ, వాటర్ పంపునీ. పాత బళ్ళనుంచి వచ్చిన పేరు అలాగే ఉండిపోయింది.

ఇంజనీరింగ్‌లో ఈ బెల్టు గురించి ఓ లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, చేత్తో ముట్టుకున్నది ఆ రోజే. అడ్డంగా కోస్తే ఇంగ్లిష్ 'వి' అక్షరంలా ఉంటుంది. పుల్లీ గాడిలో అది అడుగున ఆనదు, రెండు పక్కగోడల మధ్య మేకులా దిగబడి పట్టు సంపాదిస్తుంది. ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు గట్టిపడుతుంది, లోపలివైపు అడ్డంగా పగుళ్ళు వస్తాయి, పక్కలు అద్దంలా నున్నబడతాయి. అప్పుడిక పట్టు దొరకదు. చల్లటి పొద్దుట, స్టార్టింగ్‌కి ఖర్చయిన బ్యాటరీని ఆల్టర్నేటర్ మళ్ళీ నింపడానికి బరువెక్కినప్పుడు, బెల్టు పట్టుకోబోయి జారి, మళ్ళీ పట్టుకుని, మళ్ళీ జారుతుంది. ఆ పట్టూ జారుడూ కలిసిందే మనం వినే అరుపు.

సబ్బు రాస్తే ఏమవుతుంది? జారడం ఆగదు, చప్పుడు ఆగుతుంది. బెల్టు హాయిగా, నిశ్శబ్దంగా జారుతుంది. ఓ రోజు తెగుతుంది. బ్యాటరీ లైటు వెలుగుతుంది, ఇంజన్లో నీళ్ళు తిరగడం ఆగిపోతుంది, వేడి ముల్లు పైకి పాకుతుంది. ఆ ముల్లు సంగతి తెలీనివాడు బండి ఆపకుండా పోనిస్తే హెడ్ గాస్కెట్ పోతుంది. అప్పుడయ్యే ఖర్చుతో ఇలాంటి బెల్టులు డబ్బాడు కొనుక్కోవచ్చు.

ఆ పది సెకన్లలో నేను వేసుకున్న ప్రశ్నకి రెండువేల ఏళ్ళు దాటాయి. క్రీ.పూ. 44లో రోమన్ రచయిత సిసెరో తన కొడుక్కి ధర్మం గురించి రాసిన పుస్తకంలో ఒకడు ఇల్లు అమ్ముతుంటాడు. ఆ ఇంటి కలప పుచ్చిపోయింది, పడగ్గదుల్లో పాములు తిరుగుతాయి, ఆ సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలీదు. అతను చెప్పాలా వద్దా? ఇద్దరు స్టోయిక్ తత్వవేత్తల చేత వాదం నడిపిస్తాడు సిసెరో. చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అంటాడు డయోజెనీస్. కొనమని ఎవరూ బలవంతం చేయలేదు, అమ్మేవాడు తన సరుకులోని లోపాలన్నీ దండోరా వేయించాలా? కొనేవాడికి తెలియాల్సింది తెలిసి కూడా ఊరుకోవడం తప్పే అంటాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసెరో శిష్యుడి వైపు మొగ్గాడు.

ఆటోనగర్‌లో నిలబడి నేను గురువు వైపు మొగ్గాను. మన చట్టం కూడా చాలామటుకు అతని వైపే. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 16వ సెక్షన్ కొన్ని మినహాయింపులిచ్చి, నాణ్యత చూసుకునే బాధ్యత కొనేవాడి మీదే పెట్టింది. నేను అబద్ధం చెప్పబోవడం లేదు. అతనడగడు, నేను చెప్పను. పైగా ఇరవై ఏళ్ళ బండిలో లోపాలన్నీ చెబుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

డయోజెనీస్ మాటలో కొంత న్యాయం ఉందనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ సబ్బుకి ఆ వాదం అతకదు. అరిచే బెల్టుతోనే బండి అమ్మి నేను నోరు మూసుకున్నా, బెల్టు నోరు మూసుకోదు. పొద్దున్నే వచ్చి తాళం తిప్పినవాడికి అదే చెబుతుంది. వినడం, వినకపోవడం అతనిష్టం. సబ్బు రాస్తే మాత్రం నా మాటతో పాటు దాని మాటని కూడా మింగేసినట్టు. కురుక్షేత్రంలో ధర్మరాజు ఏనుగన్న మాట పలికాడు గానీ ద్రోణుడికి వినబడకుండా పలికాడు. అబద్ధమాడలేదని అతనూ అనుకోవచ్చు. నేల తాకకుండా నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే అతని రథం ఆ క్షణాన కిందికి దిగిపోయిందట. నేను రోజూ చేసే పనిలోనూ ఈ సబ్బుంది. కోడ్ కంపైల్ చేసినప్పుడు వార్నింగులొస్తే, కారణం వెతకకుండా ఆ వార్నింగుల్ని కనబడకుండా చేయడానికి ఒక్క లైను చాలు. టీమ్ మారేముందు అలాంటి లైన్లు నేనూ రాశాను. నా తర్వాత వచ్చినవాళ్ళకి స్క్రీన్ శుభ్రంగా కనబడింది.

ఇంకో వాదం మిగిలింది, అది గట్టిది. 1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల బజారు గురించే ఓ వ్యాసం రాశాడు. 2001లో నోబెల్ తెచ్చిపెట్టిన వాటిలో అదొకటి. ఏ బండి మంచిదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. అందుకని కొనేవాడు అన్నిటికీ కలిపి ఓ నడిమి ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి బళ్ళవాళ్ళు అమ్మకుండా వెళ్ళిపోతారు, బజారులో చెత్త మిగులుతుంది. అంటే, నేను అబద్ధమాడతానని లెక్కగట్టి నా ధర ముందే కోసేశారు. జరిమానా ఎలాగూ కట్టాను కదా, తప్పు చేస్తే ఏం?

దీనికి పక్కా జవాబు నా దగ్గర లేదు. ఒక్కటే అనిపించింది. ధర కోసింది బజారు. తెగిన బెల్టుతో రోడ్డు పక్కన నిలబడేది మాత్రం ఓ మనిషి.

"మార్చేయండి," అన్నాను. ఆయన భుజాలెగరేసి ఆల్టర్నేటర్ బోల్టులు వదులు చేశాడు, దాన్ని ఇంజన్ వైపు నెట్టి పాత బెల్టు తీశాడు, కొత్తది ఎక్కించాడు, రాడ్డుతో ఆల్టర్నేటర్‌ని వెనక్కి లాగి బిగించాడు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కి చూపించాడు. కొంచెం లొంగాలట. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే మళ్ళీ అరుపే. "కొత్తది కొంచెం సాగుద్ది, కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ బిగించుకోమనండి," అన్నాడు.

కొనడానికొచ్చినాయన స్కూల్లో టీచరు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నాడు. సీటు కవర్లు చూశాడు గానీ బానెట్ ఎత్తమనలేదు. నేనే ఎత్తి, బెల్టు మార్పించానని చెప్పాను. ఆయన మొహం మారింది.

"అంత మంచి బండైతే ఇప్పుడెందుకు మార్చారండీ? ఇంకేమున్నాయి ఇందులో?"

రెండు వేలు తగ్గించాడు. నా నిజం ఆయన చెవికి సబ్బులాగే వినబడి ఉంటుంది. తప్పు ఆయనది కాదు. క్లచ్ గట్టిగా ఉంటుందన్నదీ, వెనక ఎడమ డోర్ అద్దం సగమే దిగుతుందన్నదీ కూడా చెప్పి, పాత బెల్టుని కవర్లో చుట్టి డిక్కీలో పెట్టాను. దారిలో తెగితే షెడ్డు దాకా పోవడానికి తప్ప వాడొద్దన్నాను.

మూడు వారాలకి ఆయన దగ్గర్నుంచి ఫోన్.

"బెల్టు మళ్ళీ బిగించాలన్నారు కదండీ, ఎవరి దగ్గరికి వెళ్ళమంటారు?"

మా మెకానిక్ నంబరే ఇచ్చాను. సబ్బు సంగతి చెప్పబోయి, ఊరుకున్నాను.